రెండో పొట్లం

ఏడేళ్లుగా ఒక గన్నేరు పువ్వు బరువు మోస్తున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నేనెవరో మీకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది నగరి. మా ఆయన పవర్‌లూమ్ మగ్గాలు నడిపేవాడు. ఒకరోజు మగ్గం దగ్గరే గుండె పట్టుకుని కూలబడ్డాడు. తిరుపతిలో డాక్టరు పరీక్షలు చేసి, గుండె ఒక వరసలో కొట్టుకోవడం లేదన్నాడు. తొడ దగ్గర నరంలోంచి సన్నటి తీగ పంపి, తప్పుగా కొట్టించే చోటును కాలిస్తే సర్దుకోవచ్చు, లేదంటే మాత్రలతో నెట్టుకురావచ్చు, ఏదన్నదీ మీరే ఆలోచించుకోండి అన్నాడు. మా ఆయన చేయించుకుందామనే అన్నాడు. నా చెవిలో మాత్రం ఒక్క మాటే ఉండిపోయింది. కాల్చడం. బతికున్న మనిషి గుండెను కాలుస్తారా? మా అక్క చిన్న ఆపరేషనని పోయి తిరిగి రాలేదు.

వద్దని కాళ్లు పట్టుకుని ఏడవొచ్చు కదా? ఏడవలేదు. ఏడిస్తే వినే మనిషి కాదు. అమ్మవారి దగ్గర పువ్వు అడుగుదామన్నాను. మా వైపు ఎటూ తేలనప్పుడు అలాగే అడుగుతాం. తెల్ల పువ్వు ఒక పొట్లంలో, ఎర్ర పువ్వు ఒక పొట్లంలో కట్టి అమ్మవారి పాదాల దగ్గర పెడతాం. కళ్లు మూసుకుని ఒకటి తీయాలి. తెల్లదొస్తే చేయించుకోవాలని, ఎర్రదొస్తే మానుకోవాలని అనుకున్నాం. పొట్లాలు కట్టింది నేను. రెండింట్లోనూ ఎర్ర గన్నేరే పెట్టాను.

ఆయన తీసిన పొట్లాన్ని పూజారి విప్పి చూపించాడు. ఆయన మొహం చిన్నబోయింది. అప్పుడు నేనేం చేశానో తెలుసా?

"రెండోది గూడా ఇప్పి సూద్దామా?" అన్నాను.

"ఎందుకుమే? అమ్మ మీద నమ్మకం లేదా నీకు? వద్దనేసింది. ఇంకేముండాది సూసేదానికి?" అన్నాడు ఆయన.

ఎందుకలా అడిగానో ఈరోజుకీ తెలియదు. పట్టుబడాలనుకున్నానా? ఆయన విప్పడన్న ధైర్యమా? ఆ రెండో పొట్లాన్ని విప్పకుండానే కొంగున కట్టుకుని వచ్చి ఇంటి వెనక కాలవలో పడేశాను.

రెండేళ్లకు గుండెలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు ఎక్కింది. కుడి పక్క పడిపోయింది. మాట పోయింది. అప్పుడే చేయించుకుని ఉంటే ఇలా అయ్యేది కాదా అని డాక్టరును అడిగాను. చెప్పలేమమ్మా అన్నాడు. అవునన్నా బాగుండేది, కాదన్నా బాగుండేది.

భయంతో చేశానని ఇన్నాళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజమే, భయమే. కానీ ఆ భయాన్ని ఆయనతో చెప్పుకోకుండా, ఆయన గుండె గురించి ఆయన మాటే చెల్లకుండా చేసి, దాన్ని అమ్మవారి మీదికి నెట్టినదాన్ని ఏమనాలి? ఇక ఆయన లేవడు. డాక్టర్లు కూడా ఆశ పెట్టడం మానేశారు.

శుక్రవారం గుడి నుంచి కుంకుమ తెచ్చి నుదుట పెట్టబోతే ఆయన మొహం గోడవైపు తిప్పుకుంటాడు. అమ్మవారు తనను మోసం చేసిందని కోపం. చెవులు బాగానే వినిపిస్తాయి ఆయనకు. చెప్పాలని మంచం పక్కన కూర్చుంటాను. నోరు తెరుస్తాను. కాస్త గంజి తాగుతావా అని అడిగి లేచిపోతాను.

మోసం చేసింది అమ్మవారు కాదు, నేను. ఆయనకు చెప్పలేనిది మీకు చెప్పాను. క్షమించమని అడగను, అది మీ చేతిలో లేదు. ఈ పూటకు నాకు ఊపిరి కాస్త ఆడుతోంది.