గ్యాసును నిలవనిచ్చిన ఓదెలు కాక

పొద్దున్నే తొట్టిలో బర్రెల పెండ కలుపుతుంటే పచ్చి వాసనతో పాటు దాని వెచ్చదనం మోచేతుల దాకా పాకుతుంది. అప్పుడల్లా ఓదెలు కాక గుర్తొస్తాడు. ఆయన్ను మా పక్కింట్లో ఉంచినందుకు భగవంతుడికి మనసులోనే దండం పెట్టుకుంటాను.

గోదావరిఖని పక్కనే మా ఊరు. కాక బొగ్గుగనిలో సర్దారుగా చేసి రిటైరయ్యాడు. షిఫ్టువాళ్లు గనిలోకి దిగకముందే జాలీ కప్పిన సేఫ్టీ దీపం పట్టుకొని వెళ్లి, దాని మంట రంగును బట్టి లోపల ఎక్కడైనా మీథేన్ నిలిచిందేమో చూడటం ఆయన డ్యూటీ. నిలిచిన చోటికి గాలి మళ్లించి దాన్ని తరిమేయించాలి. ఒక్క నిప్పురవ్వ పడినా మనుషులు మిగలరు. అందుకే గనిలోకి వెళ్లేవాళ్ల జేబులు తడిమి అగ్గిపెట్టెలు తీసేసుకునేవారట.

మా ఇంట్లో అమ్మా, నేనూ, రెండు బర్రెలూ. నేను బడికి వెళ్లలేదు. అక్షరాలు అమ్మే నేర్పింది. సిలిండరు ఉన్నా స్నానాల నీళ్లకూ, బర్రెల కుడితికీ బొగ్గుల పొయ్యే. ఆ పొగకు అమ్మ ఛాతీ పాడైంది. ఇంకా పొగ దగ్గర కూర్చుంటే మనిషి దక్కదని దవాఖానలో చెప్పారు.

ఒకరోజు కాక గోడ మీదుగా తొంగిచూశాడు.

“ఏంది వదినె, గిట్ల దగ్గుతున్నవ్? బొగ్గుబాయిల నేను గూడ ఇంత పొగ మింగలే.”

“నువ్వు రిటైరైనవ్ మరిది. ఈ పొయ్యి నన్ను రిటైర్ చేస్తలేదు గదా!” అంది అమ్మ ఆయాసపడుతూనే.

“నేను చేపిస్త. బర్రెలున్నయ్, పెండున్నది. గోబర్ గ్యాస్ కడుత.”

అన్నమాట ప్రకారం మర్నాడే గడ్డపార పట్టాడు. నేను గోబర్ గ్యాస్ పుస్తకం చదివి వినిపిస్తుంటే, మేస్త్రీతో కలిసి గుంత తవ్వి కట్టి, పైన ఇనుప డ్రమ్ము కూర్చోబెట్టాడు. దారిన పోయేవాళ్లు “ఏం సర్దారూ, రిటైరైనా బాయి తవ్వుడు బంద్ చెయ్యలేదా?” అని నవ్వారు. కాక తలెత్తలేదు.

పెండ పోసిన కొన్నాళ్లకు గ్యాసు నిండి డ్రమ్ము పైకి లేచింది. మొదట వచ్చిన గ్యాసు మండదు, వదిలేయాలని పుస్తకంలో ఉంది. వదిలేశాం. ఆ తర్వాత కూడా సాయంత్రం లేచిన డ్రమ్ము తెల్లారేసరికి కిందికి దిగిపోయేది. మేస్త్రీ అతుకులన్నీ వెతికాడు. లీకు దొరకలేదు. అమ్మ దగ్గు మాత్రం పెరుగుతూనే ఉంది.

ఒకరోజు తెల్లారకముందే దేవుడికి దీపం పెట్టి, డ్రమ్ము ఉన్న కొట్టం వైపు వెళ్లాను. బుస్సుమని శబ్దం. గ్యాసు వాల్వు మీద కాక చెయ్యి.

“కాకా! నువ్వేనా వదిలేది?”

ఉలిక్కిపడ్డాడు. “ఏం చెయ్యాలె బిడ్డా? డ్రమ్ము లేసిందంటే నా పానం నిలవది. బాయిల గ్యాసు, గిది ఒక్కటే. గ్యాసు కనవడితే ఎల్లగొట్టుడే నేర్సిన గాని, దాసిపెట్టుడు నేర్వలే. నా జోడీగాడు గిట్ల నిలిచిన గ్యాసులనే పోయిండు.”

అప్పుడే లోపల అమ్మ దగ్గు తెరలు తెరలుగా మొదలైంది. అది ఆగేదాకా కాక విన్నాడు. తర్వాత వాల్వు గట్టిగా బిగించాడు.

“ఇగ ముట్ట. ఈడనే కూసుంట, గాని ముట్ట.”

డ్రమ్ముకు ఎదురుగా మంచం వేసుకొని, చేతులు రెండూ చంకల్లో దోపుకొని కూర్చున్నాడు. డ్రమ్ము లేచేకొద్దీ ముఖాన చెమట పట్టేది. అయినా మంచం దిగలేదు. అన్నం కూడా అక్కడే తిన్నాడు.

గ్యాస్ పొయ్యి వెలిగించే రోజు అగ్గిపుల్ల ఆయన వేళ్లలో విరిగింది. ఇంకోటి తీశాడు. అదీ విరిగింది.

“నాతోటి గాదు బిడ్డా. దేవునికి దీపం ముట్టిచ్చే చెయ్యి నీది, నువ్వు ముట్టియ్యి.”

“ఇద్దరం ముట్టిద్దాం కాకా,” అని ఆయన చెయ్యి పట్టుకొని గీశాను. బర్నర్ చుట్టూ నీలిమంట పరుచుకుంది. కాక కదలకుండా చూశాడు.

“దీపంల నీలిమంట కనవడితే ఎనుకకు ఉరుకుమనేటోన్ని అందరిని. ఇయ్యాల నిలవడి సూస్తున్న.”

బొగ్గుల పొయ్యిని అమ్మ తన చేతులతోనే పగలగొట్టింది. ఆ చలికాలం దవాఖాన ముఖం చూడలేదు.

కాక ఇప్పుడు లేడు. చుట్టుపక్కల ఎవరింట్లో ప్లాంటు కట్టినా మొదటిసారి వెలిగించడానికి నన్ను పిలుస్తారు. కొందరు ఆడవాళ్లు అగ్గిపెట్టె నా చేతిలో పెట్టి, “భయమైతాంది, నువ్వే ముట్టియ్యక్కా” అంటారు. దాన్ని తిరిగి వాళ్ల చేతిలోనే పెడతాను. కిటికీ తెరిచి, పక్కన నిలబడతాను.

“భయమైతే కానియ్,” అంటాను. “నేనెక్కడికి పోత?”