ఒకే కాయ గింజలు

ఆ రోజుల్లో దోణిమలై చుట్టుపక్కల తెల్లగా ఉండాల్సినవేవీ తెల్లగా ఉండేవి కావు. ఇనుప ఖనిజానికి ఒక్కసారిగా గిరాకీ పెరిగి, లారీలు బారులు తీరి కొండ దిగుతున్న కాలమది. ఆరేసిన పంచెలు, బడిపిల్లల చొక్కాలు, మా మేనత్త పెంచుకునే తెల్లకోడి (అది తెల్లదని ఆమె చెబితేనే నమ్మాలి), అన్నీ సాయంత్రానికి ఇటుక రంగుకు తిరిగేవి. నేను అప్పుడే వృక్షశాస్త్రంలో డిగ్రీ పుచ్చుకుని, మా ఊరు దేశనూరు నుంచి వచ్చి ఆ టౌన్‌షిప్ బడిలో తాత్కాలిక టీచరుగా చేరి, మేనత్త ఇంట్లో దిగాను. మామ గని ఆఫీసులో ఉద్యోగి. పెళ్లయి చాలా ఏళ్లయినా వాళ్లకు పిల్లల్లేరు. ఇద్దరూ నన్ను ‘బాటనీ’ అని పిలిచేవారు. గులాబీకి చీడ పట్టినా, కరివేపాకు మొక్క ఎండినా, ఒక్కోసారి మామకు జలుబు చేసినా నన్నే అడిగేవారు. నేనూ తెలియదని చెప్పిన పాపాన పోలేదు.

క్వార్టర్ వెనక కాస్త పెరడుండేది. మందు కొట్టని కూరలే తినాలని అత్తకు పట్టు. దుమ్మయితే కడిగితే పోతుంది గానీ మందు పోతుందా అనేది. పేడ ఎరువు, వేపపిండి, చేపలు కడిగిన నీళ్లు, ఇవే ఆ తోటకు ఆహారం. తన తల్లి దగ్గర్నుంచి తెచ్చుకున్న చిక్కుడు, గోంగూర, బీర గింజలను బూడిదలో కలిపి డబ్బాల్లో దాచుకునేది. సొరగింజలు మాత్రం ఒక ఏడు ఎలుకల పాలయ్యాయి. ఆ లోటు తీరడానికి తెక్కలకోట సంతలో ఒక కంపెనీ ప్యాకెట్ కొన్నది. ఆ ఏడు కాసిన కాయలన్నీ ఒకే పొడవు, ఒకే లావు, ఇస్త్రీ చేసినట్టు నున్నగా ఉన్నాయి. ఆమె మురిసిపోయి, ఒక కాయను తీగ మీదే ఎండనిచ్చి, ఊపితే లోపల గింజలు గలగలలాడే దాకా ఆగి, పగలగొట్టి దాచింది. అంతటితో ఊరుకోక, వచ్చే కోతకాల పండుగకు చర్చిలో బల్లకు రెండు పక్కలా స్తంభాల్లాగా అలాంటి కాయలే నిలబెడతానని స్త్రీల సమాజంలో అందరి ముందూ మాటిచ్చేసింది.

దాచిన ఆ సొరగింజలు నాటుతున్న సాయంత్రం మామ డ్యూటీ నుంచి వచ్చాడు. మా నాన్న అప్పటికే దేశనూరులో బీటీ పత్తి వేస్తున్నాడు. ఏటా కొత్త ప్యాకెట్ కొనాల్సిందేనని, కంపెనీ గింజ రెండోసారి మొలవదని అక్కడ నలుగురూ అనుకునే మాటలు మామ చెవిన పడ్డాయి. బూట్లు విప్పుతూ, మామూలుగానే అన్నాడు.

"కంపెనీ గింజ గొడ్డుదే. సుమ్నె, ఊరికే ఏల నీళ్లు పోస్తావు?"

అత్త చెయ్యి మట్టి మీద అలాగే ఆగిపోయింది. ఆ మాట ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని బాప్తిస్మాల్లో ఆమె వీపుకు తగిలిందో నాకు తెలియదు గానీ, మొహం చూశాక కొంత అర్థమైంది. మామకూ అర్థమైంది. ఒక బూటు విప్పి, రెండోది విప్పకుండా కూర్చుండిపోయాడు. అటువంటి సమయంలో తెలివైనవాళ్లు ఏం చేస్తారో గానీ, నేను పాఠం మొదలుపెట్టాను. బీటీ అంటే మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి గుణాన్ని పత్తిలోకి ఎక్కించి, కాయతొలిచే పురుగు చచ్చేలా చేయడమనీ, సొరకాయకు దానితో సంబంధం లేదనీ, మనది రెండు రకాలను కలిపి పుట్టించిన సంకరమనీ, ఆ మాటకొస్తే బీటీ పత్తి గింజ కూడా మొలుస్తుందనీ (బోర్డు లేదు కాబట్టి) పుల్లతో నేల మీద గీతలు గీసి మరీ వివరించాను.

"మొలుస్తాయత్తా. కాకపోతే తల్లికాయ మాదిరే కాస్తాయని చెప్పలేను" అని ముగించాను.

"పిల్లలన్నాక తల్లి మాదిరే ఉండాలని యాడుండాది?" అంటూ అత్త ఒక్కొక్క గింజనే మట్టిలో పెట్టింది.

మర్నాటి నుంచి మామ వింతగా తయారయ్యాడు. డ్యూటీకి బయల్దేరే ముందు పెరట్లోకి వెళ్లి, ఆ పాదుల ముందు చతికిలబడి, నేలను అలా చూస్తూ ఉండేవాడు. అత్త అటు రాకుండా వంటింట్లోనే గిన్నెలు సర్దుకునేది. ఒక ఉదయం నేను పళ్లు తోముకుంటుంటే వెనక నుంచి సన్నగా పిలిచాడు, ఎవరో నిద్రపోతుంటే పిలిచినట్టు.

"మ్మే బాటనీ, మీ అత్తను పిల్చుకోని రా. వచ్చినాయి."

వెళ్లి చూస్తే, ఎర్రమట్టిని చీల్చుకుని వంకర మెడలు. కొన్ని ఇంకా గింజ పెంకును నెత్తిన మోసుకుని ఉన్నాయి. నేను మొలకెత్తడం గురించి పరీక్షలో పేజీలు పేజీలు రాసినదాన్ని. అయినా ఆ ఉదయం, నురగ నోట్లో పెట్టుకుని, మొదటిసారి చూస్తున్నదానిలా నిలబడిపోయాను. అత్త ఒక మొలకను వేలితో తాకింది. మామ ఆమె వైపు చూడకుండా, "తప్పు మాట అంటినే నేను" అన్నాడు. ఆమె నీళ్లచెంబు ఆయన చేతికిచ్చింది.

ఆ తర్వాత తీగలు పందిరెక్కాయి, పూశాయి, కాశాయి. కాశాయనడం చిన్న మాట. ఒక తీగకు కుండలాంటి గుండ్రటి కాయ. దాని పక్క తీగకు కొంగమెడ కాయ. ఒకటి ఆకుపచ్చ మీద తెల్లచుక్కలతో, ఒకటి నడుం సన్నగా డమరుకంలా, ఇంకొకటి పందిరి దిగి నేలను తాకి అక్కడ చుట్ట తిరిగింది. ఒక తీగకు మరో తీగకు పోలికే లేదు. బఠాణీల పాఠం నాకు కంఠతా వచ్చు. సంకరపు గింజ తర్వాతి తరంలో దాగున్న గుణాలు విడివిడిగా బయటపడతాయని మార్కుల కోసం ఎన్నోసార్లు రాశాను. (పక్క క్వార్టర్ల తీగల పుప్పొడి కూడా తన వంతు చేసి ఉండాలి.) కానీ ఆ నున్నటి, అమాయకపు కాయ లోపల ఇంతమంది కూర్చుని ఉన్నారని ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. పందిరి కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా పైకి చూశాను.

అత్తకు మాత్రం గుబులు పట్టుకుంది. స్తంభాలని చెప్పి ఈ సర్కస్సును చర్చికి తీసుకుపోతే అందరూ నవ్వుతారని, కాస్త పొడుగ్గా ఉన్నవి ఏవో రెండు ఏరి తీసుకుపోదామని పండుగ పొద్దున సణిగింది. మామ అప్పటికే కాయలన్నీ కోసి దుప్పటి మీద పేర్చాడు.

"ఒగటి గూడా వదిలేది లేదు" అన్నాడు. "అన్నీ మనింట్లో పుట్టినవే."

చర్చిలో నవ్వారు, నిజమే. పాటలవాళ్లు సహా. పాస్టరు అయ్యగారు బల్ల దగ్గరికొచ్చి, వంగి ఒక్కొక్క కాయనే చూసి, ఇవన్నీ ఎన్ని రకాల విత్తనాలమ్మా అని అడిగాడు.

"ఒకే కాయ గింజలయ్యా" అంది అత్త.

నవ్వులు ఆగిపోయాయి. ఆయన కొంగమెడ కాయను వంపు పొడవునా చేత్తో నిమిరాడు. ఆ రోజు ప్రసంగం చాలా చిన్నది. దేవుడి గురించి తను రాసుకొచ్చింది సరిపోయేట్టు లేదని చెప్పి, అందరినీ వరసగా వచ్చి చూడమన్నాడు. ముసలమ్మలు కాయలను పసిపిల్లల్లా ఎత్తుకుని చూశారు. తలుపు దగ్గర అత్తను చుట్టుముట్టి గింజలు కావాలన్నారు. ఇవి మళ్లీ ఇలాగే కాయవని నేను ఒక్కొక్కరికీ శాస్త్రీయంగా హెచ్చరించాను. అందుకే కావాలన్నారు వాళ్లు. ఆ కాయలను ఎండబెట్టి, గింజలను ఆ ఏడు మామే ఇంటింటికీ పంచి వచ్చాడు.

ఇప్పుడు బళ్లారిలో మిద్దెతోటలు పెంచేవాళ్లకు నేనే సలహాలిస్తుంటాను. విత్తనం దాచుకోవాలంటే సంకరం జోలికి పోవద్దు, నాటురకం ఎంచుకోండి, బలమైన తీగను ముందే గుర్తుపెట్టుకోండి, వేరే పుప్పొడి కలవకుండా పువ్వుకు సంచి కట్టండి అని గట్టిగానే చెబుతాను. అంతా సరైన సలహానే. అయినా అప్పుడప్పుడూ ఎవరో ఒకరు ఫోన్ చేసి, "మేడం, మీరు చెప్పినట్టే చేస్తిమి, ఏదో వంకర కాయ కాసిందే" అని నిష్ఠూరమాడతారు. తప్పెక్కడ జరిగిందో విచారించి చెప్పడం నా బాధ్యత. ఇంత వయసొచ్చినా ఆ పెద్దరికం నాకు అబ్బలేదు. కోయకండి, చూడటానికి వస్తున్నానని చెప్పి, చెప్పులు వెతుక్కుంటాను.