దక్షిణానికి పెట్టిన మూట

నిన్న సాయంత్రం మా మనవరాలు వసారాలో కూర్చుని బడి బూట్లకు తెల్లరంగు పూస్తోంది. తడిసిన సుద్ద, కాన్వాసు గుడ్డ, రబ్బరు, మూడింటి వాసనా కలిసి వంటింట్లోకి వచ్చింది. పోపులో ఆవాలు మాడుతున్నా నేను గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఆ వాసనకు నాకు ఎప్పుడూ ఒక దిగులు పుడుతుంది, ఆ వెనకే లక్ష్మీదేవమ్మ మేడం గుర్తొస్తారు. మనవరాలు తలెత్తి "ఏమైంది అవ్వా" అంది. ఏమీ కాలేదన్నాను. రెండు మాటల్లో అయ్యే సంగతైతే అప్పుడే చెప్పేసేదాన్ని.

యాభైల చివర్లో, చింతామణి ఆడపిల్లల మిడిల్ స్కూల్లో నాకు ఉద్యోగం వచ్చింది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మేడం మా హెడ్‌మిస్ట్రెస్. బాగేపల్లి పక్క పల్లెలో భూములున్న ఇంటి ఆడబిడ్డ. చిన్నతనంలోనే భర్త పోతే, అన్నదమ్ముల ఇంట్లో ఒక మూల కూర్చోకుండా పట్టుబట్టి చదువుకుని, ఒంటరిగా మా వీధిలో ఇల్లు తీసుకుని ఉండేవారు. పొడుగు మనిషి, నడకలో తొందర, గొంతులో అధికారం. పిల్లలకు భూగోళం చెప్పేవారు. బోర్డు మీద దేశాల ఆకారాలు చూడకుండా గీసేవారు. ఆ సుద్దముక్క పట్టిన చేతిని చూస్తే, ఈమెకు లోకంలో భయమనేదే లేదని ఎవరైనా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

నా సంగతి వేరు. నేను పుట్టు పిరికిదాన్ని. మబ్బు పడితే పిడుగుకు భయం, పడకపోతే కరువుకు భయం. బస్సెక్కితే బ్రేకు గురించి, దిగితే మిగతా దారి గురించి. మా నాన్న పోయిన ఏడాది నుంచి మరీ ఎక్కువైంది. మేడం దాన్ని మొదటి వారంలోనే పసిగట్టారు. రోజూ పొద్దున ప్రార్థనకు ముందు నన్ను తన గదిలోకి పిలిచి, "ఏమి సుభద్రా, ఈ పొద్దు దేనికి భయపడతాండావు?" అని అడిగేవారు. మొదట ఎగతాళి అనుకున్నాను. కాదు, నిజంగానే అడిగేవారు. ఒకరోజు ఇన్‌స్పెక్టరు వస్తారని వణుకుతుంటే, "సరే, పోయి ఆ పటాల మీది దుమ్ము తుడువు" అన్నారు. తుడిచి వచ్చాను. "భయపడేది తప్పు గాదమ్మా. ఊరికే భయపడొద్దు, దానికొగ పని చెప్పు" అన్నారు. పటాలు తళతళలాడాయి. నా వణుకు పూర్తిగా పోలేదు గానీ, చేతుల్లోంచి దిగి కాళ్లలోకి వెళ్లింది. అదే లాభం అనుకున్నాను.

ఆ తర్వాతి వేసవికి మేడం రిటైర్ కావాలి. ఆ ఏడాదే బెంగళూరు టీచర్లు కొందరు దసరా సెలవుల్లో సిలోనుకు, అంటే ఇప్పటి శ్రీలంకకు, యాత్ర వేసుకున్నారని తెలిసింది. రైల్లో ధనుష్కోటి, అక్కడి నుంచి పడవ, అవతల నాలుగు ఊళ్లు చూడటం, ద్వీపం నడుమ ఒక కొండ ఎక్కి దిగడం. మేడం నన్ను అడగకుండానే ఇద్దరి పేర్లూ ఇచ్చి వచ్చారు. "నీళ్ల నడుమ ద్వీపము, ద్వీపము నడుమ కొండలు. ఇన్నేండ్లు బోర్డు మీద గీస్తాండాను. ఒగసారి దాని నెత్తిన నిలబడి సముద్రము చూడల్ల" అన్నారు. ఆమె సముద్రం చూడనేలేదని నాకు అప్పుడే తెలిసింది. ఇంటికి వచ్చి చెబితే అమ్మ చేట కింద పెట్టేసింది. "రావణాసురుని ఊరికి ఆడోళ్లు ఏమిటికే? ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగమని, పాస్‌పోర్టే రాలేదు, మీరు కొండెక్కేస్తాండారా?" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఇంట్లో అందరికంటే అమ్మ మాటే తెలివైనదిగా తోచింది.

మేడం మాత్రం పనిలోకి దిగారు. బడి పెరట్లో పిల్లల చేత బంకమట్టితో ఆ ద్వీపం చేయించారు. నడుమ కొండలు లేపి, చుట్టూ కాలువ తవ్వి, బిందెలతో నీళ్లు పోయించారు. వెదురుపుల్ల పట్టుకుని, పడవ దిగేది ఇక్కడ, రైలు ఎక్కేది ఇక్కడ, నడక మొదలు ఇక్కడ అని నాకు చూపించేవారు. ఒక మధ్యాహ్నం పక్కింటి మేకలు కంచె దూరి వచ్చి సముద్రాన్ని తాగేశాయి. పిల్లలు పడీ పడీ నవ్వారు. నాకు మాత్రం శకునం బాగాలేదనిపించింది. "మేకలు తాగేసిన సముద్రానికి కూడా భయమేనా సుభద్రా" అని మేడం నన్ను ఆటపట్టించి, మళ్లీ నీళ్లు పోయించారు. నా భయాలన్నిటికీ పనులు పుట్టాయి. పడవలో కడుపు తిప్పుతుందంటే శొంఠి దంచమన్నారు. జలగలంటే పొగాకూ ఉప్పూ కలిపి గుడ్డలో కట్టమన్నారు. దారిలో తిండి దొరకదంటే చెనిక్కాయల పొడి, రాగులు వేయించి హురిహిట్టు పిండి చేయమన్నారు. దంచీ వేయించీ చేతులు కాయలు కాశాయి.

బెంగళూరు నుంచి ఇద్దరికీ తెల్ల కాన్వాసు బూట్లు తెప్పించారు. చీర కింద బూట్లు వేసుకుని నడవడం చింతామణిలో అంతకుముందు ఎవరూ చూడలేదు. ఆదివారాలు ఊరి పక్క కొండ అంబాజీదుర్గం ఎక్కి అలవాటు చేసుకునేవాళ్లం. మేకలు కాసేవాళ్లు నిలబడి చూసేవాళ్లు. మొదటిసారి ఆమె ముందు, నేను వెనక. రెండోసారి పక్కపక్కన. మూడోసారి నేను ముందున్నానని గమనించి వెనక్కి తిరిగితే, మేడం ఒక బండ పట్టుకుని నిలబడి ఉన్నారు. "ఊరు యెంత బాగా కనిపిస్తాండాది చూడు" అన్నారు. ఆమె ఊరి వైపు చూడటం లేదు. కళ్లు మూసుకుని ఉన్నారు, పైపెదవి మీద చెమట. నా భయాలన్నీ అంతవరకు నా గురించే. ఆ రోజు మొదటిసారి ఆమె గురించి భయం వేసింది. బెంగళూరు వాళ్లు యాభై దాటినవాళ్లను డాక్టరుకు చూపించుకుని రమ్మన్నారు కదా, ఎప్పుడు పోదామని అడిగాను. "చూస్తాములే" అన్నారు. ప్రతి ఆదివారం అదే మాట.

పాస్‌పోర్టులు వచ్చాయి. బయలుదేరాల్సింది మంగళవారం. మంగళవారం ఇల్లు కదలకూడదని అమ్మ పట్టు. అట్లాంటప్పుడు మా వైపు ప్రస్థానం పెడతారు. అంతకుముందే ఒక మంచి ఘడియ చూసి, ప్రయాణపు బట్టలు మూటగట్టి, పసుపుకొమ్మూ గుప్పెడు బియ్యమూ వేసి, వెళ్లే దిక్కున ఉన్న వేరే ఇంట్లో పెడతారు. ఆ ఘడియలోనే మనిషి బయలుదేరినట్టు లెక్క. ఆ మూట మళ్లీ సొంతింటి గడప తొక్కకూడదు. మేడం ఇలాంటివి పాటించే మనిషి కాదు గానీ, అమ్మ మాట తీసేయలేదు. శుక్రవారం ఘడియ దాటిపోతోందని హడావుడిలో, బూట్లతో సహా ఆమె మూట మా ఇంట్లో, నా మూట ఆమె ఇంట్లో పెట్టేశాం. ఇద్దరం ఒకే చోటికి పోయేవాళ్లమే కదా, ఒకరికొకరం అనుకున్నాం. అమ్మ హారతి కూడా ఇచ్చింది.

ఇక తప్పదని శనివారం మేడం డాక్టరు దగ్గరికి బయలుదేరారు. చిక్కబళ్ళాపురానికి చిన్నరైల్లో పోయాం. ఆమె లోపలికి వెళ్లారు, నేను బయట బెంచీ మీద కూర్చుని తెలిసిన దేవుళ్లందరినీ పిలిచాను. బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటూ, "వద్దన్నాడు సుభద్రా. గుండె బలము లేదంట, కొండలెక్కగూడదంట" అన్నారు. మామూలుగానే అన్నారు. తిరుగురైల్లో ఊరు వచ్చేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నారు. నాకు ఏడుపు వచ్చింది. ఆ ఏడుపు అడుగున, ఇక నేనూ పోనక్కర్లేదు కదా అన్న నిమ్మళం కూడా ఉంది. అది ఉన్నందుకు ఇంకా ఏడిచాను.

ఇంటికి రాగానే ఆమె మూట ఇచ్చేసి వద్దామని చేతిలోకి తీసుకున్నాను. అమ్మ అడ్డం వచ్చింది.

"యాడికి ఎత్తుకోని పోతాండావు? పరస్థానము పెట్టిన మూట యెనక్కి పోగూడదు."

"మేడం పోవడం లేదమ్మా. డాక్టరు వద్దన్నాడు."

అమ్మ ముఖం చిన్నబోయింది. "మనిషి పోకపోయినా మూట పోవల్ల" అంది. కాసేపు ఆలోచించి, "నీ మూట యాడుండాది?" అని అడిగింది. మేడం ఇంట్లో అన్నాను. అమ్మ వీధిలోకి వెళ్లి అటూ ఇటూ చూసి, చేయి చాచి దిక్కులు లెక్కపెట్టుకుని వచ్చి అరుగు మీద కూలబడింది. మేడం ఇంటికి మా ఇల్లు దక్షిణం. మరి మా ఇంటికి మేడం ఇల్లు ఉత్తరమే కదా. సిలోనుకు పోవాల్సిన నా మూటను మేమంతా కలిసి, హారతి ఇచ్చి మరీ, ఉత్తరానికి పంపించాం.

"నువ్వు కాశీకి బయల్దేరినావే" అంది అమ్మ. నేను నవ్వలేదు, అమ్మా నవ్వలేదు. తర్వాత అమ్మ ఇంకో మాట అంది. "నీది బయల్దేరనే లేదు. ఆయమ్మది సరిగ్గా దక్షిణానికి బయల్దేరి మనింట్లో కూచోనుండాది. నువ్వు ఆయమ్మ మూటే ఎత్తుకోనిపో." మొదటి నుంచీ ఈ యాత్ర వద్దన్న మనిషి నోటి నుంచే ఆ మాట వచ్చింది. కాపాడుతుందనుకున్న అమ్మ కూడా అట్లా అటువైపు చేరిపోయింది. మేడం దగ్గరికి పరుగెత్తాను. అంతా విని, "మీయమ్మ చెప్పినట్లే చెయ్యి" అన్నారు. ఆ రోజు మాత్రం, దేనికి భయపడుతున్నావని అడగలేదు.

ఆమె చీరలు కట్టుకుని, వేళ్ల దగ్గర పాతగుడ్డలు కుక్కిన ఆమె బూట్లు వేసుకుని నేను సిలోనుకు వెళ్లాను. ముక్కూ మొహం తెలియని బెంగళూరు టీచర్ల మధ్య ఒక్కదాన్నే వెళ్లాను. పడవలో శొంఠి పని చేయలేదు. కొండ మీద దారంతా తేయాకు తోటలు. బుట్టలు వీపుకు తగిలించుకున్న ముసలమ్మలు మమ్మల్ని దాటుకుంటూ, అరవంలో కబుర్లు చెప్పుకుంటూ పోతున్నారు. దారి వాలుగా, నిదానంగా ఉంది. పైకి చేరితే ఒకటే మబ్బు. నా చేయి నాకే సరిగా కనిపించలేదు, సముద్రం సంగతి చెప్పనే అక్కర్లేదు. భయం ఒక్క క్షణం కూడా నన్ను వదలలేదు. దాన్ని వెంటబెట్టుకునే ఎక్కాను, దాంతోనే దిగాను.

తిరిగి వచ్చేసరికి మేడం వసారాలో చెనిక్కాయలు ఒలుస్తున్నారు. మూట పక్కన పెట్టి నేనూ ఒలవడానికి కూర్చున్నాను.

"కొండ ఎట్లుండాది?"

"మబ్బు మేడం. పైన ఏమీ కనపడలే. సముద్రము కూడా."

ఆమె నిరాశపడతారనుకున్నాను, పడలేదు. చాలాసేపు ఒలిచి, తలెత్తకుండానే అడిగారు. "నిజము చెప్పు. నేను ఎక్కగలిగేదాన్నా?"

దారి పొడుగునా నేను భయపడిన ప్రశ్న అదే. ఎక్కలేరు అంటే ఆమె మనసు కుదుటపడుతుంది. కానీ ఆమె దగ్గర అబద్ధమాడటం నాకు చేతకాలేదు. "ఎక్కేవారు మేడం. మన దుర్గముకంటే సులువు. ముసలోళ్లు మాట్లాడుకుంటా ఎక్కుతాండారు" అన్నాను.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"డాక్టరు వద్దనలేదు సుభద్రా. మెల్లగా ఎక్కు, ఆయాసమొస్తే కూచో అన్నాడు, అంతే. చెప్పులేసుకునే లోపల నాకు ఒగటే భయమాయె. సముద్రము మీద ఊపిరి నిలిచిపోతే ఎట్ల, తెలియని దేశములో నీ చేతుల్లో పోతే నువ్వేమైతావు అని. ఇన్ని దినాలు నీ భయానికి పని చెప్పినాను. నాదానికి ఏమి చెప్పేదో తెలియలే. డాక్టరు పేరు చెప్పినాను." ఒక గింజ నోట్లో వేసుకుని నమలడం మరిచిపోయారు. "ఆ బంకమట్టి, ఆ బూట్లు, ఆ ఆదివారాలు, అన్నీ నా భయానికి నేను చెప్పుకున్న పనులేనమ్మా. నీకంటే పెద్ద పిరికిదాన్ని."

నాకు ముందు కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఆమె చేయి పట్టుకున్నాను.

వేసవిలో రిటైరై అన్నగారి పల్లెకు వెళ్లిపోయారు. సముద్రం చూడకుండానే, కొన్నేళ్లకు పోయారు. నేను తర్వాత ఎన్నో ఊళ్లలో పనిచేసి, హెడ్‌మిస్ట్రెస్‌నై, రిటైరయ్యాను. భయం తగ్గాక బయలుదేరుదామని ఎప్పుడూ ఆగలేదు, తగ్గదని తెలుసు కనుక. కొత్తగా వచ్చిన టీచరు పిల్లలు ఎవరైనా "మీకు భయం లేదా మేడం" అని అడిగితే, ఉందని, ఎంత ఉందో అంతా చెప్పేదాన్ని. ఆ రోజు చిక్కబళ్ళాపురం రైల్లో మేడం కిటికీ వైపు కాకుండా నా వైపు తిరిగి ఆ ఒక్క మాట చెప్పి ఉంటే, ఇద్దరం భయపడుతూనే ఆ పడవ ఎక్కి ఉండేవాళ్లం.