పొగ పోయే దారి

మా అమ్మ మా ఆయనతో నేరుగా మాట్లాడేది కాదు. హాల్లో ఇద్దరే ఉన్నా, పైగదిలో ఉన్న నన్ను కేకేసి, "అల్లుడుగారు కాఫీ తాగుతారేమో కనుక్కోవే" అనేది. ఆయన అక్కడే సోఫాలో కూర్చుని, "తాగుతానని చెప్పు" అనేవారు. ఇద్దరి మధ్యా కోపాలేమీ లేవు. అత్తాఅల్లుళ్ల మర్యాద మా వైపు అలాగే ఉంటుంది. నేను వాళ్లను తెగ ఆటపట్టించేదాన్ని. ఆ మర్యాద వల్లే ఒక మధ్యాహ్నం మా నెలల బిడ్డ ప్రాణం పోవలసింది.

ఈ చలిదేశంలో కనాటా అనే శివారు ఊరు దాటి ఇంకా పడమటికి వెళ్తే వచ్చే పాత ఇటుక ఇల్లు మాది. హాల్లో ఫైర్‌ప్లేస్ ఉంది కానీ మేం ఎన్నడూ అందులో మంట వెయ్యలేదు. బాబు పుట్టకముందు మా దగ్గరికి వచ్చినప్పుడు అమ్మ దేవుళ్లను అందులోనే పెట్టింది. ఇక్కడి మనవాళ్ల ఇళ్లలో అది మామూలే.

బాబు పుట్టాక అమ్మ మళ్లీ వచ్చింది. మాకు చలికాలమంటే భయం పట్టుకుంది. కరెంటు పోతే హీటింగ్ కూడా పోతుంది. అందుకని మా ఆయన ఒక ఇనుప కట్టెల స్టవ్ కొన్నారు. దేవుళ్లు కిచెన్‌లోకి మారారు. స్టవ్‌ను ఫైర్‌ప్లేస్ ముందు నిలబెట్టి, దాని పొగగొట్టాన్ని లోపలికి దూర్చి, చుట్టూ సందును రేకుతో మూశారు. అసలు పని మిగిలే ఉంది. చిమ్నీని శుభ్రం చేసి, పైనుంచి స్టీలు గొట్టం దించి స్టవ్‌కు కలపాలి. ఆ పని చేసేవాడు వచ్చే వారం వస్తానన్నాడు. అప్పటిదాకా వెలిగించొద్దని మరీమరీ చెప్పాడు.

ఈలోగా మంచువాన పడింది. తీగలు తెగి కరెంటు పోయింది. మర్నాటికి ఇంట్లో మాట్లాడుతుంటే నోట్లోంచి ఆవిరి వస్తోంది. రోడ్డంతా నున్నటి ఐసు, కారు తీసే ధైర్యం ఎవరికీ లేదు. రెండు జతల మేజోళ్లు తొడిగినా బాబు పాదాలు చల్లగానే తగులుతున్నాయి. వాడు ఏడుపు మానేశాడు. నాకు ఆ ఏడుపు వినపడకపోవడమే ఎక్కువ భయంగా ఉంది.

"ఒక్క గంట చిన్నగా వెలిగిద్దాం" అన్నారు ఆయన. "ఇన్నేళ్లూ పొగ పోయిన చిమ్నీయేగా."

"పోకపోతే?"

"పొగ రివర్స్ వస్తే కనిపిస్తుంది కదా. ఆపేస్తాను."

"కార్బన్ మోనాక్సైడ్ కనిపించదండీ. దాని అలారం కూడా కరెంటు మీదే కదా నడిచేది."

ఆయన బాబు కాళ్లు తడిమి చూశారు. నేనూ చూశాను. స్టవ్‌కు భయపడాలో, ఆ పాదాలకు భయపడాలో నాకు పాలుపోలేదు. అవుననీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆయన వేడి బయటికి పోకుండా తలుపులన్నీ వేసి, కింది సందుల్లో టవళ్లు కుక్కారు. కట్టెలు పేర్చారు.

ఆ చప్పుడుకు రజాయి కప్పుకున్న అమ్మ కిచెన్ తలుపు నెట్టుకుని వచ్చింది. స్టవ్‌ను చూసి అక్కడే ఆగిపోయింది.

"అమ్మాయ్, ఇలా రా. ఒక మాట."

"బాబుకి పాలిస్తున్నానమ్మా. అక్కడ్నుంచే చెప్పు."

"ఒక్కసారి రావే!"

"ఉండమ్మా, వస్తా!"

ఆయన అగ్గిపుల్ల గీశారు. అమ్మ రజాయి వదిలేసి ఒక్క ఉదుటున వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది. మా పెళ్లైనప్పటి నుంచీ ఆయన ఎదురుగా కూర్చోవడానికే మొహమాటపడే మనిషి.

"ఆపు బాబూ! వెలిగించకు! లోపల నా చీరలున్నాయి!"

అంతకుముందు వచ్చినప్పుడు, చిమ్నీలోంచి గాలి కొట్టి దీపం కొండెక్కుతోందని, అమ్మ తన పాత నేతచీరలు ఉండచుట్టి పైకి కుక్కేసిందట. దీపం నిలకడగా వెలుగుతోందని సంతోషించానే తప్ప ఎందుకో నేను అడగలేదు. "గొట్టం వేసేవాడు వచ్చి తీస్తాడనుకున్నానే. అల్లుడుగారి ఇంట్లో అడక్కుండా చేసిన పని ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అని అమ్మ ఏడ్చింది.

ఆయన రేకు ఊడదీసి, చేయి పైకి పెట్టి లాగారు. మసిపట్టిన చీరలు ఒకదాని వెనక ఒకటి జారాయి. వాటితోపాటు పెచ్చులూడిన సున్నం, ఇటుక ముక్కలు రాలాయి. ఆయన నేలమీద కూలబడి తలుపుల కింద తను కుక్కిన టవళ్లకేసి చూస్తూ ఉండిపోయారు. ఇప్పుడు దారి ఖాళీ అయింది కదా, వెలిగిద్దామని మాలో ఎవరమూ అనలేదు. ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని, బాబును నా గుండెలకు ఆనించుకుని, సాయంత్రం కరెంటు వచ్చేదాకా ఒకే పరుపు మీద పడి ఉన్నాం.

తర్వాత ఆ పనివాడు వచ్చి అన్నీ సరిగ్గా బిగించాడు. బ్యాటరీలతో నడిచే కొత్త అలారం పెట్టాం. మొదటిసారి స్టవ్ వెలిగించిన రోజు అమ్మ బాబును చుట్టబెట్టుకుని మంచులోకి వెళ్లి నిలబడింది. వెనకాలే నేనూ వెళ్లాను. చిమ్నీ మీదినుంచి పొగ సన్నగా లేచింది.

"పొగ వస్తోంది బాబూ!" అని అమ్మ కిటికీ దగ్గరున్న ఆయనకేసి అరిచింది.

"ఇంక లోపలికి రండి అత్తయ్యగారూ!" అని ఆయన లోపల్నుంచి పిలిచారు.

అమ్మ పెదాలు చలికి నల్లబడ్డాయి. నేను చేతులు చాపాను. బాబును నాకివ్వకుండా, "నువ్వెళ్లు. ఇంకాసేపు చూసి వస్తాం" అంది.