గీత చెరిగిన మైదానంలో మా రెఫరీ మామ

మా రెఫరీ మామ పోయాడు. గుంతకల్లులో తన ఇంట్లోనే, పొద్దున కాఫీ తాగి పేపరు చూస్తూ కుర్చీలో వెనక్కి వాలాడట. అత్త వంటింట్లోంచి రెండుసార్లు పిలిచినా పలకలేదట. శింగనమల బడిలో నేను పిల్లలను ఆటలకు బయటికి తీసుకుపోతుండగా ఫోనొచ్చింది. పిల్లలను ఇంకో టీచరుకు అప్పజెప్పి బస్సెక్కాను.

బస్సులో ఫోను తెరిస్తే, మా జిల్లా ఫుట్‌బాల్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకడు దండం బొమ్మ పెట్టాడు. ఇంకొకడు పూలు పెట్టాడు. ఆ తర్వాతివాడు "సారు గుర్తుగా" అని ఆ పాత ఫైనల్ వీడియో పెట్టాడు. అంతే, సంతాపం అక్కడితో సరి. గోలే అని ఒకడు, కాదని ఇంకొకడు, జూమ్ చేసి సూడు అని మరొకడు. మనిషి ఇంకా ఇంట్లోనే ఉన్నాడు, శవపేటిక కూడా రాలేదు, వీళ్లు బంతి గీత దాటిందా లేదా అని జుట్టు జుట్టు పట్టుకుంటున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు. చనిపోయినవాళ్ల గురించి శాంతంగా రాయాలంటారు. నాకు చేతనైనంత శాంతంగా రాస్తాను.

మామ మాకు రక్తసంబంధం కాదు. రైల్వే క్వార్టర్సులో పక్కిల్లు. గూడ్సు రైలు గార్డుగా పనిచేసేవాడు. డ్యూటీ లేని రోజు ఎక్కడ ఫుట్‌బాల్ ఆడుతుంటే అక్కడికి నల్ల చొక్కా వేసుకుని పోయేవాడు. రెఫరీ పరీక్షలు పాసైనవాడు. రైలుకూ విజిలే, ఆటకూ విజిలే అని అందరూ నవ్వేవాళ్లు. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. "రెండూ ఒగటే. ఊదేముందు సూసుకోవల్ల. ఊదినాక కదిలిపోయింటాది" అనేవాడు.

నేను ఫుట్‌బాల్ ఆడతానన్నప్పుడు మా నాయన ఒప్పుకోలేదు. ఆడపిల్ల నిక్కరేసుకుని మగపిల్లల మధ్య ఏమిటన్నాడు. మామ మా ఇంటి గడపలో కూర్చుని, "తన్నేది కాలప్పా. కాలికి ఆడా మగా యాడుండాది?" అన్నాడు. నాయన మర్నాడే నాకు బూట్లు కొనిచ్చాడు. నేను ఈ రోజు పిల్లలకు ఆటలు నేర్పే టీచరునై జీతం తీసుకుంటున్నానంటే ఆ ఒక్క మాట వల్లే.

అట్లాగని మామ మెత్తటి మనిషి అనుకోకండి. నా మొదటి మ్యాచ్‌లోనే నాకు పసుపు కార్డు చూపించాడు. "మామా, నేను తాకలేదు" అని ఏడిస్తే, "ఈడ మామ యెవరూ లేరు" అన్నాడు. ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చి నా పక్కన కూర్చుని అన్నం తిన్నాడు. కార్డు ఊసెత్తలేదు, నన్ను ఎత్తనివ్వలేదు.

శనివారం సాయంత్రాలు వాళ్లింట్లో టీవీలో విదేశీ లీగు మ్యాచ్‌లు చూసేవాళ్లం. ఎవరైనా కిందపడితే మామ లేచి టీవీ మీద తువ్వాలు కప్పేసేవాడు. రీప్లే కనపడకూడదు. "ముందు చెప్పండి. ఫౌలా, కాదా?" గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ చెప్పాలి. బియ్యం ఏరుకుంటున్న అత్త కూడా చెప్పాలి. అందరూ చెప్పాకే తువ్వాలు తీసేవాడు. అప్పటికి రీప్లే అయిపోయి ఆట మళ్లీ మొదలైపోయేది. మాకు పిచ్చెక్కేది.

నిదానంగా తిప్పి చూపించే బొమ్మ అంటే ఆయనకు అసలు పడదు. "నిదానంగా చూపిస్తే దండం పెట్టేవాడు గుడక కొట్టేటట్టే కనపడతాడు" అనేవాడు. నేను ఒప్పుకునేదాన్ని కాదు. నాకు రీప్లే కావాలి. నా కళ్ల ముందే ఎన్ని మ్యాచ్‌లు తప్పుడు విజిళ్లకు పోయాయో నాకు తెలుసు. కెమెరా అబద్ధం చెప్పదు కదా మామా అంటే, "చెప్పదు. కానీ నువ్వు యేం సూడల్లనుకుంటావో అదే సూపిస్తాది" అని మొండికేసేవాడు. ఒకసారి ఒక ఆటగాడి చంక ఆఫ్‌సైడ్ గీత కంటే రవ్వంత ముందుకొచ్చిందని టీవీలో రంగు గీతలు గీసి గోలు తీసేశారు. అంతసేపు స్టేడియం అంతా నోరు తెరుచుకుని నిలబడింది. ఆ పూట మామే గెలిచాడు. వారమంతా నన్ను చూసినప్పుడల్లా చంక చూపించాడు.

అయినా నియమాల పుస్తకంలో ఏముందో తెలియని మనిషి కాదు. పెద్ద మ్యాచ్‌లలో కూడా టీవీ చూసి స్పష్టంగా తేలకపోతే మైదానంలో మొదట చెప్పిందే నిలబడుతుంది. ఆ నియమం ఒక్కటీ ఆయనకు నచ్చేది. "అది పెట్టినోడు ఎప్పుడో విజిల్ ఊదినోడే అయింటాడు" అనేవాడు.

ఇక ఆ మ్యాచ్ సంగతి. చెప్పకపోతే ఇదంతా దండగ.

మా ఊళ్లో రైల్వే మైదానంలో జిల్లా పోటీ. ఫైనల్ మా గుంతకల్లుకూ చిలమత్తూరుకూ. కమిటీ అధ్యక్షుడు మా ఊరి బట్టల షాపు యజమాని. టీవీలో చూసి మోజు పుట్టి, మన దగ్గర కూడా రీప్లే పెడదామన్నాడు. గోలు స్తంభానికి కాస్త పక్కగా స్టాండు పాతి తన ఫోను బిగించాడు. ఒక్కో కెప్టెను మ్యాచ్‌కు ఒకసారి రీప్లే అడగొచ్చు. చూశాక రెఫరీదే ఆఖరి మాట. మైకులో ఈ నియమాన్ని గొప్పగా చదివారు. చప్పట్లు కూడా కొట్టారు.

మన ఎర్రమట్టి మైదానాల సంగతి ఆడినవాళ్లకు తెలుసు. పచ్చిక లేదు. సున్నంతో గీత గీస్తే గాలికి మధ్యాహ్నానికల్లా లేచిపోతుంది. అందుకని మామ ముందు గీత పొడవునా నీళ్లు పోసి, ఆ తడి మీద సున్నం చల్లించేవాడు. విరామంలో బకెట్టు పట్టుకుని తానే మళ్లీ దిద్దేవాడు. తాగే నీళ్లకే దిక్కులేని ఊళ్లో మట్టికి నీళ్లు పోస్తాడేమని తిట్టేవాళ్లు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

ఆ రోజు విరామంలో బకెట్టు పట్టుకుని గోలు దగ్గరికి పోయేసరికి అక్కడ జాతర. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాయనకు శాలువాల మీద శాలువాలు. వెనక వల బాగుంటుందని ఆయన్ను గోలులోనే నిలబెట్టారు. కప్పుతో ఒక ఫోటో, కప్పు లేకుండా ఒక ఫోటో, ఆయన బావమరిదితో ఒకటి, బావమరిది స్నేహితులతో ఒకటి. గోలు గీత మీద ఎంతమంది చెప్పులు తిరిగాయో దేవుడికే తెలియాలి.

"అయిదు నిమిషాలు ఇయ్యండప్పా, గీత దిద్దుకుంటా" అన్నాడు మామ.

"టైము లేదు సారూ. పెద్దాయన మ్యాచ్ చూసి పోవల్ల. మొదలుపెట్టండి" అన్నాడు అధ్యక్షుడు. నేను పక్కనే నిలబడి విన్నాను.

మామ ఒక క్షణం ఆ మట్టికేసి చూసి, బకెట్టు పక్కన పెట్టి, విజిల్ ఊదాడు.

అప్పటికి మా ఊరు ఒక గోలు ముందుంది. ఆట ముగిసే వేళకు చిలమత్తూరు ఫార్వర్డు కొట్టిన బంతి పైకడ్డీకి తగిలి నిట్టనిలువుగా కిందపడి బయటికొచ్చింది. మామ అడ్డంగా చెయ్యూపాడు. గోలు కాదు. వాళ్ల కెప్టెను రీప్లే అడిగాడు. ఫోను చుట్టూ జనం మూగారు. నేనూ దూరాను. బంతి కనపడింది, కడ్డీ కనపడింది, దుమ్ము కనపడింది. గీత కనపడలేదు. లేని గీత ఎట్లా కనపడుతుంది? మా ఊరివాళ్లకు గీత బంతి వెనక కనపడింది, వాళ్ల ఊరివాళ్లకు బంతి ముందు కనపడింది. మామ మూడుసార్లు తిప్పించుకుని చూసి, "మొదట చెప్పిందే" అన్నాడు.

సొంత ఊరు గెలిచింది. ఇంకేం కావాలి? అమ్ముడుపోయినాడన్నారు. దుడ్లు తిన్నాడన్నారు. చిలమత్తూరువాళ్లు అన్నారంటే అర్థముంది. నాలుగు రోజులకల్లా మా ఊరివాళ్లూ నవ్వుతూ, "సారు మనకోసం చూసీ చూడనట్టు పోయినాడు" అనడం మొదలుపెట్టారు. అది మెచ్చుకోలు అనుకున్నారు వాళ్లు. కమిటీవాళ్లేమో, మేము వీడియో పెట్టినాం, చూసుకోకపోతే మేమేం చేస్తామని చేతులు దులుపుకున్నారు. శాలువాల గురించి ఒక్కడూ నోరెత్తలేదు.

నేను నోరెత్తుతానన్నాను. మామ వద్దన్నాడు. నాకు కోపమొచ్చింది. "నీ పేరు పోతాంటే చూస్తా కూర్చోమంటావా? అధ్యక్షుడే టైమియ్యలేదని నేను చెప్తా" అన్నాను.

"వాడు టైము ఇయ్యలేదు, నిజమే. విజిల్ ఎవురి నోట్లో ఉండాది? గీత లేకుండా ఏంటికి ఊదినా నేను? రీప్లే సూడల్లంటే దాన్ని సూడల్ల పాపా. గోలును గాదు."

"పోనీ అది గోలా కాదా? నాకన్నా చెప్పు."

"నాకు తెల్దు. బంతి అంతా దాటిందని నమ్మకం లేకపోతే గోలు ఇయ్యగూడదు. నాకు నమ్మకం లేకపోయె. అంతే."

ఈ మాట మైకులో చెప్పి ఉంటే సగం గొడవ తీరేది. రెఫరీ మైకు పట్టుకోకూడదు అని కూర్చున్నాడు. ఆ మొండితనం మీద నాకు ఇప్పటికీ కోపమే. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. పోయినంత మాత్రాన తగ్గుతుందా?

ఆ తర్వాత ఆయన్ను ఎవరూ పిలవలేదు. ఆదివారం పొద్దున బూట్లు తుడిచి వరండాలో పెట్టుకునేవాడు. మధ్యాహ్నం అత్త వాటిని లోపల పెట్టేది. ఇద్దరూ ఆ సంగతి మాట్లాడుకునేవాళ్లు కాదు. ఇంకొక్క మ్యాచ్, మర్యాదగా, ఆయనకు కావలసింది అంతే.

ఒకసారి మా బడికి పిలిపించాను. ఆడపిల్లల మ్యాచ్. బస్సులో వచ్చాడు, నల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని. పొద్దున్నే పిల్లలతో కలిసి గీతలకు నీళ్లు పోశాడు. ఆట బాగా సాగింది. నడుమ ఒక త్రో ఇన్ ఇచ్చాడు, పెనాల్టీ కూడా కాదు, ఉత్త త్రో ఇన్. చూడ్డానికొచ్చిన ఒక పెద్దమనిషి గట్టిగా అరిచాడు. "ఏమప్పా, ఈడ గుడక అమ్ముడుపోతివా?" పక్కవాళ్లు నవ్వారు. మామ తల తిప్పలేదు. ఆఖరి విజిల్ దాకా పరుగెత్తాడు. బస్సెక్కేటప్పుడు నాతో, "నీ గోల్‌కీపరు మోకాలు వంచడం లేదు, నేర్పు" అన్నాడు. ఇంకే మ్యాచ్‌కు పిలిచినా రాలేదు.

సమాధి దగ్గరికి చిలమత్తూరు ఫార్వర్డు వచ్చాడు. ఆ కడ్డీకి కొట్టినవాడే. హిందూపురం దగ్గర కంపెనీలో చేస్తున్నాడట, సెలవు పెట్టి వచ్చాడు. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"అది గోలే అక్కా. ఇప్పుడూ అదే చెప్తా. కానీ సారు అమ్ముడుపోలే. ఫోను సూసేటప్పుడు ఆయన మొగం నేను సూస్తి. ఆయనకు కనపడలే. అమ్ముడుపోయినోడు అట్ల మూడుసార్లు కండ్లు చించుకోని సూడడు."

"ఈ మాట అప్పుడే ఏంటికి చెప్పలేదప్పా?"

తల దించుకున్నాడు. "చెప్తే మా ఊళ్లో నన్నే అమ్ముడుపోయినానందురు."

తిడదామనుకున్నాను. సమాధి దగ్గర తిట్టకూడదని ఊరుకున్నాను. అదీగాక, వాడు చెప్పింది నిజం.

పోయిన ఆదివారం కమిటీ మామ పేరున మ్యాచ్ పెట్టింది. మళ్లీ అవే రెండు జట్లు. ఫోటోకు దండ, మౌనం, అధ్యక్షుడి ఉపన్యాసం. సారు వంటి నిజాయితీపరుణ్ని చూడలేదట. ఈసారి ఫోన్లు మూడు పెట్టారు. అత్త రాలేదు. మంచిపనే చేసింది.

ఆట చివర్లో గోలు ముందు చిలమత్తూరువాళ్ల కుర్రాడొకడు కిందపడ్డాడు. బంతి బయటికి పోయింది. పెనాల్టీ అని వాళ్లు అరిచారు. కొత్త రెఫరీ, ఈ మధ్యే పరీక్ష పాసైన మా ఊరి అబ్బాయి, కాదని, బంతి మా గోల్‌కీపరుదేనని గోల్ కిక్ చూపించాడు. ఇందాక తల వంచుకుని మౌనం పాటించిన జనంలోంచే గొంతు లేచింది. "ఎంతకు అమ్ముడుపోతివి రా?" రెండు జట్లలో చాలామంది, కమిటీ, చూడ్డానికి వచ్చినవాళ్లూ ఒక్క పరుగున పోయి ఫోన్ల మీద పడ్డారు. అధ్యక్షుడు నిదానంగా తిప్పు, నిదానంగా అని అరుస్తున్నాడు. ఆ అబ్బాయి మైదానం మధ్యలో ఒక్కడే మిగిలాడు. చెయ్యి ఇంకా గోల్ కిక్ వైపే చాపి ఉంచాడు.

అప్పుడు చిలమత్తూరు ఫార్వర్డు బయటికి పోయిన బంతిని వెతికి తెచ్చాడు. పెనాల్టీ వస్తే కొట్టేది వాడే. బంతిని పెనాల్టీ చుక్క మీద పెట్టలేదు. నేరుగా మా ఊరి గోల్‌కీపరు దగ్గరికి నడిచి, వాడి కాళ్ల ముందు గోల్ కిక్ చోట పెట్టి, రెఫరీ వైపు ఒకసారి తలూపి, వెనక్కి నడుచుకుంటూ తన చోటుకు పోయి నిలబడ్డాడు.

ఇంకెవరూ చూడలేదు. అందరూ ఫోను చూస్తున్నారు.