బ్లేడు లేని రేజరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికీ విసుగు పుట్టించే పని ఒకటుండేది, మా తాత గెడ్డం గీసుకోవడం. నిన్న వీడియోలో నీ చెంప మీద గాట్లు చూసినప్పట్నుంచి అదే గుర్తొస్తా ఉంది మనవడా. అయిదు బ్లేడ్ల రేజరంట, డబ్బాలోంచి బుస్సుమనే నురగంట! పొడి మొహం మీద అడ్డదిడ్డంగా గీకేసుకుని ఆఫీసుకు పరిగెత్తితే ఏ రేజరు మాత్రం ఏం చేస్తది? చెప్తే వినవు.

మా తాతా వినేవాడు కాదులే. సముద్రం మీద పడవ నడిపిన మనిషి. మా ఊరి బావి నీళ్ళు ఉప్పన, సబ్బు ఎంత రుద్దినా విరిగిన పాల మాదిరి తునకలయ్యేదే గానీ నురగ వచ్చేది కాదు. అందుకని ఇసకలో తవ్విన దొరువు నుంచి మంచినీళ్ళు తెప్పించి, కాయించి, ఆ వేడి గుడ్డ మొహాన కప్పుకుని కూర్చునేవాడు. గెడ్డం నానాలంట. తర్వాత గిన్నెలో బ్రష్షు తిప్పడం. ఆ తర్వాత రేజరు, వెంట్రుక వాలిన దిక్కుకే, బరువు మోపకుండా. "నువ్వు లేచేలోపల పడవ పోయి చేపలతో తిరిగొస్తది" అని మా అవ్వ సాధించేది.

అట్టాంటి మనిషికి చేతులు వణకడం మొదలైంది. ఒకరోజు గొంతు కింద బాగా తెగింది. అవ్వ రేజరు దాచేసింది. క్షౌరం చేసే ఆయన్ని పిలిపిస్తే గడప దాటనీలా. గీసుకుంటే నేనే గీసుకుంటా, లేకుంటే ఇట్టాగే ఉంటానని పంతం. గెడ్డం పెరిగే కొద్దీ నలుగురికీ మొహం చూపించడం మానేసి గదిలోనే ఉండిపోయినాడు.

సరిగ్గా అప్పుడే మా అత్తని చూసుకోవడానికి అల్లూరు నుంచి పిల్లోడి తరపు వాళ్ళు వస్తా ఉండారని కబురొచ్చింది. ఇంటి పెద్ద అరుగు మీద లేకుండా పెళ్ళి మాటలేంది? అవ్వ తల పట్టుకుంది.

ఆ పొద్దున అత్త సగం అల్లిన జడతోనే లేచింది. రేజరు తీసి, తాతకి వీపు పెట్టి, పిడి తిప్పి లోపలి బ్లేడు తీసేసింది. మళ్ళీ బిగించి, తాత మొహానికి నురగ పట్టించి, రేజరు చేతికిచ్చింది. అద్దం పట్టుకునే పని నాది. తాత బుగ్గ పూరించి, గడ్డం ఎత్తి, ఎంత శ్రద్ధగా గీసుకున్నాడో! నురగ పోతా ఉంది, తెల్ల గెడ్డం ఉన్నది ఉన్నట్టే ఉంది. నాకు నవ్వాగలా. "నోర్ముయ్ మే పిల్లా" అన్నట్టు అత్త కళ్ళురిమింది. తర్వాత, "నాయనా, అక్కడక్కడా మిగిలిందే, సరిచేసేదా?" అనింది. తాత ఊఁ అని గొంతు చాపినాడు. అక్కడక్కడా ఏంది, మొహమంతా మిగిలే ఉంది! బ్లేడు పెట్టి మొత్తం తనే గీసింది.

తాత అరుగు మీద కూర్చున్నాడు. సంబంధం కుదిరింది.

అత్త కాపురానికి పోయినాక ఆ పని నా నెత్తిన పడింది. నురగ పట్టించడం రెండుసార్లు, గీకడం రెండుసార్లు. ఆడుకునే పొద్దంతా దానికే సరిపోయేది. ఒకరోజు విసురుగా పిడి తిప్పతా ఉంటే వెనకనుంచి తాత అన్నాడు: "కీచుమంటా ఉంది మే. మీ అత్తయితే బ్లేడు తీసేటప్పుడు దగ్గేది."

నాకు ఒళ్ళు మండింది. మొదట్నుంచీ తెలుసా! "మరి ఎందుకు తాతా ఈ నాటకం, ఒక్కసారే గీసేస్తా గదా" అన్నా.

"ముందు నన్ను గీసుకోనీ" అని చెయ్యి చాపినాడు. బ్లేడు లేని రేజరే ఆ చేతిలో పెట్టినా.

ఇప్పుడు మీ తాతయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటా ఉంటే నేను గుమ్మంలో నిలబడతా. పై గుండీ తీసుకుపోయి కింది కాజాలో పెడతాడు. మళ్ళీ విప్పతాడు. టిఫిన్ చల్లారిపోతా ఉంటది, నాకు ప్రాణం విసిగిపోతా ఉంటది. అయినా పళ్ళు బిగబట్టి నిలబడి, ఆయన తన చెయ్యి దించినాకనే నేను నా చెయ్యి ఎత్తతా.