లావాటి రైతు, బక్క రైతు

తొంభైల చివర్లో పర్చూరులో నేను గోడల మీద బొమ్మలు వేసి బతికేవాణ్ణి. ఎరువుల కొట్టు, విత్తనాల కొట్టు, పురుగుమందుల కొట్టు, ఎవరు పిలిచినా నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లేవాణ్ణి. అన్ని గోడల మీదా నా రైతు ఒక్కడే. నిండు బుగ్గలు, ఇంత ఛాతీ, మల్లెపూవులాంటి పంచె. అలాంటి మనిషి పత్తి చేలో పని చేస్తుండగా నాకెప్పుడూ కనబడలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ ఆలోచించలేదు.

ఒకసారి ఒంగోలు నుంచి ఒక ఆఫీసరుగారు వచ్చారు. పురుగుమందు కొట్టేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తల గురించి ఊరూరా మీటింగులు పెడుతున్నారట, గుడ్డ మీద పెద్ద పెద్ద బొమ్మలు కావాలన్నారు. అందులో ఇద్దరు రైతులుండాలి. ఒకడు ముక్కుకు మాస్కు, చేతులకు గ్లౌజులు, ఒంటినిండా బట్టలు వేసుకుని మందు కొడతాడు. రెండోవాడు చొక్కా లేకుండా, బకెట్లో మందు వట్టి చేత్తో కలుపుకుని కొడతాడు. చదువు రానివాళ్లకు కూడా చూడగానే ఎవరు తెలివైనవాడో ఎవరు కాదో తెలిసిపోవాలన్నారు.

అదెంత పని అనుకున్నాను. మంచివాడికి ఒళ్లు, రంగు ఇవ్వాలి. పనికిమాలినవాడికి డొక్కలు, లోపలికి పోయిన కళ్లు ఇవ్వాలి. నాకు తెలిసిన విద్య అంతే. మొదటివాడు నా గోడల మీద ఎటూ ఉన్నాడు. రెండోవాడి కోసం మా బావను పిలిచాను.

మా అక్క మొగుడు కూలికి మందు కొట్టేవాడు. మిరప తోటైనా పత్తి చేనైనా, పంపు వీపున తగిలించుకుని పొద్దస్తమానం సాళ్ల మధ్య నడిచేవాడు. ఎముకలు లెక్కపెట్టొచ్చు. పెరట్లో చొక్కా విప్పించి, వీపున పంపుతో నిలబెట్టి గీశాను. అయ్యాక చూసి నవ్వాడు. ఊళ్లో తెలివితక్కువవాడి వేషానికి ఇంకెవరూ దొరకలేదా బావమరిదీ అన్నాడు. నేనూ నవ్వాను. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మీటింగు మా ఊరి బడి దగ్గరే పెట్టారు. ఆఫీసరుగారు బొమ్మలు ఒక్కొక్కటే చూపిస్తూ చెబుతుంటే జనం శ్రద్ధగా విన్నారు, తలలూపారు. నేను తెగ మురిసిపోయాను. ఇంటికొస్తూ, ఏం అర్థమైందని బావను అడిగాను.

"అర్థంకాక ఏముంది? ఆ లావాటాయన ఆసామి. ఆయన ఒంటికి మందు తగలకూడదు గదా, అందుకని అయ్యన్నీ ఏసుకున్నాడు. కొట్టేది బక్కోడేగా" అన్నాడు.

లావాటాయన వీపున కూడా పంపు ఉంది కదా అన్నాను. బొమ్మ కోసం తగిలించుకుని ఉంటాడన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అలా అనుకున్నాడు. అంత ఒళ్లున్న మనిషి అంత బరువు మోస్తూ సాళ్లలో తిరగడం తను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. నేను ముక్కుకు, చేతులకు ఏం తొడిగినా, ఒళ్లే ముందుగా కథ చెప్పేసింది.

పోనీ ఆ పొరపాటు బావ ఒక్కడిదా అంటే కాదు. వారం తిరక్కముందే, బావ పని చేసే చేని ఆసామి మాస్కు, గ్లౌజులు కొనుక్కొచ్చాడు. అవి తను తొడుక్కుని, గాలి తన మీదికి రాని వైపు చూసుకుని గట్టు మీద నిలబడ్డాడు. కూలీలు మామూలుగానే చొక్కాలు విప్పి మందు కొట్టారు. ఇదేమిటని ఎవరో అడిగితే, బొమ్మలో చూపించినట్టే చేస్తున్నానన్నాడట. ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు.

ఒంగోలు వెళ్లి, బొమ్మలు మార్చి గీస్తానని ఆఫీసరుగారిని బతిమాలాను. తెలివైనవాణ్ణే బక్కగా వేద్దామన్నాను. ఆయన మంచాయనే, విసుక్కోలేదు. ఎండిపోయిన మనిషికి మాస్కు పెడితే ఆసుపత్రిలో రోగిలా ఉంటాడనీ, వాణ్ణి చూసి ఎవరు నేర్చుకుంటారనీ అన్నారు. తిరుగు బస్సెక్కాను.

ఊరుకోలేక సొంతంగా ఒక గుడ్డ మీద బావనే మాస్కుతో, గ్లౌజులతో గీసి చూపించాను. బాగుందన్నాడు. "అయ్యన్నీ నాకెవరిస్తారు బావమరిదీ?" అన్నాడు. నేనే కొనివ్వొచ్చని ఆ పూట నాకు తట్టలేదు. ఆ తర్వాతా తట్టలేదు. బొమ్మ ఎలా మార్చాలా అనే ఆలోచిస్తూ ఉండిపోయాను.

ఆ ఏడు పత్తికి పచ్చపురుగు విపరీతంగా పట్టింది. రోజు మార్చి రోజు మందు కొట్టించారు. ఒక మధ్యాహ్నం బావ సాలు మధ్యలో కూలబడ్డాడు. నోట నురగ, ఒళ్లంతా చెమట. ఆటోలో చీరాల తీసుకెళ్లాం. అక్కడ గుంటూరు తీసుకెళ్లమన్నారు. గుంటూరు దాకా అతను ఉండలేదు.

పెద్దకర్మకు ఫొటో పెట్టాలి. బావకు ఫొటో లేదు, పెళ్లిలో తీసినదానికి ఎప్పుడో చెద పట్టింది. నన్నే గియ్యమంది అక్క.

"కాస్త ఒళ్లు పెట్టి గియ్యరా తమ్ముడూ. నలుగురూ వస్తారు, ఆ డొక్కలు చూపించమాక" అంది.

అలాగే గీశాను. బుగ్గలు నింపాను, భుజాలు వెడల్పు చేశాను, మెడ కింద గుంటలు పూడ్చాను. పని ఎక్కడా ఆగలేదు, అలవాటైన ఒళ్లు కదా. అక్క బొమ్మను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇట్టా ఉండుంటే బతికేవోడురా" అంది.